భాగ పరిష్కార దస్తావేజు రాసుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారి మూడెకరాలను నీవు, తమ్ముడు, చెల్లెలు పంచుకోదలిచారని, వచ్చే వారమే రిజిస్ట్రేషన్ పెట్టుకున్నారని తెలిసింది. ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజు లేఖరిగా పనిచేసినవాణ్ణి కనుక గట్టిగా చెబుతున్నాను: భూమి కొలిపించి, హద్దురాళ్లు పాతించి, ప్లాను చేతికి వచ్చేదాకా తొందరపడవద్దు. బావగారు వీలునామా రాయలేదు కనుక 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మ కూడా వాటాదారే. ఆవిడ తన వాటా వదులుకోదలిచినా ఆ మాట రిజిస్టరైన కాగితంలోనే ఉండాలి.

ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు, అడంగల్ (సాగు వివరాల గ్రామ లెక్క), 1బి (భూమి హక్కుల రికార్డు), ఈసీ (ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల ధ్రువపత్రం) తీసుకుని విస్తీర్ణాలు సరిచూడు. సర్వేయరు వచ్చిన రోజున మీతోపాటు హద్దు రైతులను కూడా గట్టు మీదికి పిలవండి. కాగితంలో మూడెకరాలుండి నేల మీద 2 ఎకరాల 94 సెంట్లే తేలితే, ఆ లోటును ఎవరెంత భరించాలో అక్కడే తేల్చుకోండి.

దారి విషయం మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ఒకప్పుడు ఇద్దరు అన్నదమ్ములకు నేనే పంపకం కాగితం రాశాను. వెనక భాగానికి దారి ఉంటుందని వాళ్లు నోటిమాటగా అనుకున్నారు, నేనూ అడగలేదు. కొన్నేళ్లకు ముందు భాగం కొన్న వ్యక్తి కంచె వేయగా, తమ్ముడు వడ్ల బస్తాలను పక్క పొలం గట్టు మీదుగా తలపై మోసుకోవలసి వచ్చింది. ఆ తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అందుచేత దారి ఏ రాయి నుంచి ఏ రాయి వరకు, ఎన్ని అడుగుల వెడల్పున, ఎవరెవరికి ఉమ్మడిగా ఉంటుందో షెడ్యూలులో, అంటే దస్తావేజులోని ఆస్తి వివరాల భాగంలో, రాయించు, ప్లానులోనూ గీయించు.

రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆస్తిని గుర్తించడానికి చాలినంత వివరం దస్తావేజులో ఉండాలి. ప్లాను ఉన్న దస్తావేజుతో దాని సరైన నకలు కూడా దాఖలు చేయాలి. షెడ్యూలులోని కొలతలకూ ప్లానులోని కొలతలకూ ఒక్క లింకు (సర్వే గొలుసులోని చిన్న కొలత) తేడా కూడా ఉండకూడదు, ఎందుకంటే తరువాత సవరణ దస్తావేజు రాయాలంటే అందరూ మళ్లీ వచ్చి సంతకాలు చేయాలి. సంతకాలైన నాటి నుంచి 4 నెలల్లోగా దాఖలు చేయాలి. ఆ తరువాత ఎవరి వాటాకు వారి పేరున మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు, చేయించుకోవడం మరువవద్దు.

ప్లాను రాగానే సంతకాలకు ముందే ఒక నకలు నాకు పంపు. దారి కొలతలు నేను స్వయంగా చూస్తాను.

మీ మామయ్య