వేప్ తాగే పిల్లగాడికి దగ్గు, జ్వరం తగ్గట్లేదా? విడాల్ టెస్టు పక్కన పెట్టండి

"హన్మకొండ హాస్టల్‌ల ఉండే మా తమ్మునికి వారం నుంచి జ్వరం, దగ్గు, వాంతులు. వేప్ (ఈ-సిగరెట్) తాగుతడని రూమ్మేట్ చెప్పిండు. లంగ్స్ దెబ్బతిన్నయా అనేది ఏ టెస్టుతో తెలుస్తది?" అని అడిగారు.

ఒక్క టెస్టుతో తెలియదు. వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతినే ఈ జబ్బును ఈవాలీ అంటారు. గత 90 రోజుల్లో వేప్ తాగి ఉండాలి, ఎక్స్‌రేలోనో సీటీలోనో రెండు ఊపిరితిత్తుల్లోనూ తేడా కనపడాలి, ఇన్ఫెక్షన్, గుండె జబ్బు వంటి వేరే కారణం లేదని తేలాలి. అన్నీ కుదిరితేనే ఆ పేరు పెడతారు. అంటే జబ్బు దొరికేది మొదట ఒక ప్రశ్నతోనే. ఆ ప్రశ్నే మన దగ్గర ఎవరూ అడగరు. "సిగరెట్ తాగుతవా?" అంటే పిల్లగాడు లేదంటాడు, అది అబద్ధమూ కాదు. అమ్మానాన్నలను బయట కూర్చోబెట్టి "పాడ్, పెన్ను ఏదన్నా గుంజుతవా? అందులో గంజాయి నూనె ఉందా? ఆఖరిసారి ఎప్పుడు?" అని అడగాలి.

అడగకపోతే ఏమవుతుందో చూడండి. మొదట కడుపులో తిప్పడం, వాంతులు, విరేచనాలు. 2019లో అమెరికాలో ఇది ఒక్కసారిగా బయటపడ్డప్పుడు నూటికి డెబ్బైకి పైగా రోగుల్లో ఈ కడుపు బాధలున్నాయి. ఇక్కడ వాంతులు, జ్వరం అనగానే విడాల్ (టైఫాయిడ్ రక్తపరీక్ష) రాస్తారు. అది కొంచెం పాజిటివ్ వస్తే చాలు, టైఫాయిడ్ అని సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. తెల్లకణాలు, ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ ఈ జబ్బులోనూ పెరుగుతాయి కాబట్టి జ్వరం దిగకుంటే ఇంకో యాంటీబయాటిక్‌కు మారుస్తారు. ఈలోగా వాడకట్టు ఆర్‌ఎంపీ ఒక డెక్సా (స్టెరాయిడ్) సూది వేస్తాడు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, మళ్లీ దమ్ము మొదలు. ఈ రోజులన్నీ పిల్లగాడు దుప్పటి కింద వేప్ గుంజుతూనే ఉంటాడు, ఎవరూ మానమనలేదు కదా.

ఇప్పుడు చేయాల్సింది: వేప్ ఈ నిమిషం నుంచే బంద్. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతులు వెచ్చగా ఉన్నప్పుడు పల్స్ ఆక్సీమీటర్ పెట్టండి. 95 కంటే తక్కువుంటే ఈ రోజే దవాఖానకు పోవాలి. కూర్చున్నప్పుడు 97 ఉండి, నాలుగడుగులు నడవగానే 93కు పడినా అంతే. 90 కిందికి పోతే 108కి ఫోన్ చేయండి. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖాన గానీ, ఆక్సిజన్ బెడ్డు, సీటీ ఉన్న ఇంకోటి గానీ, దగ్గర్లో ఏదుంటే అది. ఆక్సిజన్ లేని కారులో హైదరాబాద్ తీసుకుపోవద్దు, దారిలోనే పడిపోవచ్చు.

ఎక్స్‌రే మొదట్లో మామూలుగానే ఉండొచ్చు. అనుమానం ఉంటే సీటీ అడగండి. అందులో రెండు వైపులా, ఎక్కువగా కింది భాగంలో, అద్దం మీద ఆవిరి పట్టినట్టు కనపడుతుంది. ఫ్లూ, కోవిడ్ స్వాబ్, బ్లడ్ కల్చర్, కళ్లెకు సీబీనాట్ (టీబీ పరీక్ష) పంపాలి. మన దగ్గర టీబీ సంగతి తేల్చకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టడం ప్రమాదం. రిపోర్టులు వచ్చేదాకా యాంటీబయాటిక్ నడుస్తుంది. తర్వాత డాక్టర్ స్టెరాయిడ్ మందు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కిలోకు రోజుకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము, అంటే 60 కిలోల పిల్లగాడికి 30 నుంచి 60 ఇచ్చి, 5 నుంచి 14 రోజుల్లో తగ్గిస్తారు. స్టెరాయిడే ఆర్‌ఎంపీ చేతిలో ఒక్క సూదిగా పడితే జబ్బును కప్పిపెట్టడానికే పనికొస్తుంది.

"మాది ఫ్లేవర్ మాత్రమే, గంజాయి లేదు" అనేవాళ్లకు ఒక మాట. 2020 ఫిబ్రవరి నాటికి అమెరికాలో 2,807 మంది ఈ జబ్బుతో దవాఖానల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. 51 మంది ఊపిరితిత్తులు కడిగిన నీటిని పరీక్షిస్తే 48 మందిలో విటమిన్ ఇ అసిటేట్ దొరికింది. గంజాయి నూనెను పల్చన చేయడానికి కలిపేది అదే. నిజమే, ఎక్కువ మంది గంజాయి నూనె వాడినవాళ్లే. కానీ నికోటిన్ ఒక్కటే వాడామన్నవాళ్లూ అందులో ఉన్నారు. పైగా వేప్‌లను నిషేధించిన 2019 చట్టం తర్వాత మన దేశంలో ఇవన్నీ దొంగచాటు సరుకు. డబ్బా మీద రాసింది నమ్మేదెట్లా? ఆ పాడ్‌ను పారేయకండి, కవర్లో కట్టి డాక్టర్‌కు చూపించండి.

డిశ్చార్జ్ అయ్యాక 48 గంటల్లోపే మళ్లీ చూపించాలి, కొందరికి ఇంటికెళ్లిన వెంటనే తిరగబెడుతుంది. నెల, రెండు నెలలకు ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల బలం చూసే ఊదుడు పరీక్ష). మానలేకపోతే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ గురించి డాక్టర్‌ను అడగండి, 1800-11-2356కి ఫోన్ చేస్తే మాన్పించే సలహా ఉచితంగా ఇస్తారు. వేప్ బదులు సిగరెట్ ఇప్పించే పని మాత్రం పెట్టుకోకండి.