టెక్ సందేహాలు: పెట్రోలా, డీజిలా, గ్యాసా?

దసరా ముందు నుంచి ఈ శీర్షికకు వచ్చే మెయిల్స్ తీరు మారింది. వాట్సాప్ బ్యాకప్ ఎక్కడుందో దొరకట్లేదు, ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోంది అనేవాళ్లు తగ్గారు. "కారు కొంటున్నా, ఏ ఇంజిన్ తీసుకోమంటారు?" అనేవాళ్లు పెరిగారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది కదా, ఎప్పటినుంచో వాయిదా వేస్తున్నవాళ్లంతా షోరూమ్‌ల బాట పట్టారు. వచ్చిన మెయిల్స్‌లో ఎక్కువ టాటా ఆల్ట్రోజ్ మీదే. 2025 మే 22న కొత్త ముస్తాబుతో వచ్చిన ఈ హ్యాచ్‌బ్యాక్‌లో పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ మూడూ ఉన్నాయి. తికమక అక్కడే మొదలవుతోంది. కాబట్టి ఈ వారం ఫోన్లు పక్కన పెట్టి కారు ఎక్కుదాం.

ప్రశ్న: మాది ఉప్పల్. ఆఫీసు హైటెక్ సిటీలో. ఆల్ట్రోజ్‌లో 'ప్యూర్' వేరియంట్ నచ్చింది. పెట్రోల్ కంటే సీఎన్‌జీ, డీజిల్ రెండూ లక్ష దాకా ఎక్కువ చెబుతున్నారు. ఆ లక్ష ఎప్పటికి తిరిగొస్తుంది?

మంచి ప్రశ్న. చాలామంది "ఏది బాగుంటుంది?" అని అడుగుతారు. మీరు "ఎప్పటికి?" అని అడిగారు, కాబట్టి లెక్కే వేద్దాం.

ముందు ధర. విడుదలైనప్పుడు ప్యూర్ పెట్రోల్ మాన్యువల్ 7.69 లక్షలు, సీఎన్‌జీ 8.79, డీజిల్ 8.99. అప్పట్లో 1,200 సీసీ లోపు, 4 మీటర్ల లోపు ఉన్న పెట్రోల్, సీఎన్‌జీ కార్లపై జీఎస్టీ 28 శాతం, దానిపై సెస్ 1 శాతం. 1,500 సీసీ లోపు డీజిల్‌కి సెస్ 3 శాతం. ఇప్పుడు అందరికీ ఒకటే 18, సెస్ లేదు. 7.69 లక్షల్లోంచి 29 శాతం పన్ను తీసేస్తే 5.96 లక్షలు మిగులుతుంది. దానిమీద 18 శాతం వేస్తే 7.03 లక్షలు. అదే లెక్కన సీఎన్‌జీ 8.04, డీజిల్ 8.10. డీజిల్‌కి పన్ను కాస్త ఎక్కువ తగ్గింది కాబట్టి సీఎన్‌జీకి, డీజిల్‌కి మధ్య ఉన్న 20 వేల తేడా 6 వేలకు వచ్చేసింది. ఇది చాలామంది గమనించలేదు.

అన్నట్టు, ఈ కారు పెట్రోల్ ఇంజిన్ 1,199 సీసీ, డీజిల్ 1,497 సీసీ, పొడవు 3,990 మిల్లీమీటర్లు. ఈ మూడు అంకెలూ ఇంజనీర్ల కంటే ముందు పన్ను చట్టం నిర్ణయించినవి. గీత దాటితే మీ జేబుకు చిల్లు.

ఇక ఇంధనం. హైదరాబాద్‌లో పెట్రోల్ లీటరు 107 రూపాయల పైన, డీజిల్ 95 పైన, సీఎన్‌జీ కిలో 96 చుట్టుపక్కల అనుకుందాం. కంపెనీ చెప్పే మైలేజీ అంకెలు పక్కన పెట్టండి. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్, బేగంపేట మీదుగా వెళ్లే మీ దారిలో అవి రావు. లీటరుకు పెట్రోల్ 13, డీజిల్ 17, కిలోకి సీఎన్‌జీ 20 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, కిలోమీటరుకు పెట్రోల్ ఖర్చు 8.27 రూపాయలు, డీజిల్ 5.63, సీఎన్‌జీ 4.80. మీరు రోజూ రానూపోనూ 50 కిలోమీటర్ల దాకా తిరుగుతారు కాబట్టి నెలకు 1,000 వేసుకోండి. పెట్రోల్‌తో పోలిస్తే సీఎన్‌జీ నెలకు 3,470 రూపాయలు, డీజిల్ 2,640 మిగులుస్తాయి.

అదనంగా కట్టేది లక్ష కాదని మర్చిపోకండి. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల కారుకి లైఫ్ ట్యాక్స్ 14 శాతం. ఆ తేడా మీద కూడా అది పడుతుంది. అంటే సీఎన్‌జీకి 1.15 లక్షలు, డీజిల్‌కి 1.22 లక్షలు ఎక్కువ. సీఎన్‌జీ డబ్బు 33 నెలల్లో తిరిగొస్తుంది, డీజిల్‌కి 46 నెలలు. నెలకు 400 కిలోమీటర్లే తిరిగేవాళ్లకైతే సీఎన్‌జీకి దాదాపు ఏడేళ్లు, డీజిల్‌కి తొమ్మిదిన్నర. ఆ లోపు కారే మార్చేస్తారు.

అయితే డీజిల్ విషయంలో నాకు లెక్కకు మించిన అభ్యంతరం ఒకటుంది. బీఎస్6 అనే కాలుష్య ప్రమాణాలతో వచ్చే డీజిల్ కార్ల పొగ గొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అందులో పేరుకున్న మసిని కారే అప్పుడప్పుడు కాల్చేసుకుంటుంది. దానికి పొగ వేడి 600 డిగ్రీల దాకా రావాలి, బండి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా వెళ్లి ఆపేసే కారుకి ఆ అవకాశం ఎక్కడిది? ఫిల్టర్ పూడుకుపోయి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, తర్వాత సర్వీస్ సెంటర్‌లో టెన్షన్. మీకు వారానికోసారి కరీంనగరో ఖమ్మమో వెళ్లే పని ఉంటే ఆ బాధ ఉండదు. అలాంటివాళ్లకు నేను కళ్లు మూసుకుని డీజిల్ చెబుతాను. పెట్రోల్ టార్క్, అంటే లాగే బలం, 115 న్యూటన్ మీటర్లయితే డీజిల్‌ది 200. నలుగురితో, నిండా సామానుతో, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కినప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. పెట్రోల్‌లో గేరు దించి ఇంజిన్‌ని అరిపిస్తారు, డీజిల్‌లో అదే గేరులో లాగేస్తుంది.

మీకు మాత్రం నా మాట: దారిలో సీఎన్‌జీ బంక్ ఉంటే సీఎన్‌జీ, లేకపోతే పెట్రోల్. బంక్ ఉందో లేదో మ్యాప్‌లో చూసి ఊరుకోవద్దు. ఆఫీసుకి బయల్దేరే టైముకి ఓసారి వెళ్లి ఆటోల క్యూ ఎంత ఉందో చూసి రండి.

ప్రశ్న: సీఎన్‌జీ ఆల్ట్రోజ్‌లో 60 లీటర్ల ట్యాంక్ అన్నారు. అంటే 60 లీటర్ల గ్యాస్‌తో వెయ్యి కిలోమీటర్ల పైనే వస్తుందా? – మల్కాజిగిరి

రాదండీ. ఆ 60 లీటర్లు సిలిండర్‌లో నీళ్లు పోస్తే పట్టే కొలత. సీఎన్‌జీని 200 బార్ ఒత్తిడితో నింపి కిలోల్లో అమ్ముతారు. 60 లీటర్ల కొలత ఉన్న సిలిండర్లలోకి మామూలుగా ఎక్కేది 8-9 కిలోలు. కిలోకి 20 వేసుకుంటే 170 కిలోమీటర్ల దగ్గర మళ్లీ బంక్‌కి వెళ్లాలి. బంక్‌లో ప్రెషర్ తక్కువున్న రోజు ఇంకా తక్కువ ఎక్కుతుంది, దానికి పంప్ కుర్రాడితో గొడవ పెట్టుకోకండి.

ఇందులో నాకు నచ్చిన సంగతి డిక్కీ. ఒకే పెద్ద సిలిండర్ బదులు 30 లీటర్లవి రెండు చిన్నవి కింద పడుకోబెట్టారు. పెట్రోల్ కారు డిక్కీ 345 లీటర్లు, దీనిది 210. రెండు సూట్‌కేసులు ఇరికించొచ్చు. పాత సీఎన్‌జీ కార్లలో డిక్కీ తెరిస్తే సిలిండరే కనిపించేది, అత్తగారింటికి వెళ్తే మామిడికాయల బస్తా వెనక సీట్లో కూర్చునేది. పవర్ మాత్రం 88 పీఎస్ నుంచి 73.5కి తగ్గుతుంది. సిలిండర్లకి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి, ఆ తేదీ ఫోన్ క్యాలెండర్‌లో ఇప్పుడే వేసుకోండి.

ప్రశ్న: నేను కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నాను. మా ఇల్లు ఫిల్మ్‌నగర్‌లో, దారంతా ఎత్తు. ఏఎంటీ తీసుకోవాలా, డీసీఏ తీసుకోవాలా? ధరలో ఇంత తేడా ఎందుకమ్మా అని మా నాన్నగారు అడుగుతున్నారు.

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మీ ఎడమ కాలు చేసే క్లచ్ పనిని, చెయ్యి చేసే గేర్ పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది. అందుకే చవక. ప్యూర్‌లో మాన్యువల్‌కి, దీనికి విడుదలప్పుడు తేడా 60 వేలు, జీఎస్టీ తగ్గాక 55 వేల దాకా. డీసీఏ కూడా ఆటోమేటిక్కే, కానీ ఇందులో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి 1, 3, 5 గేర్లకు, రెండోది 2, 4, 6కి. మీరు రెండో గేరులో వెళ్తుంటే మూడోది అప్పటికే సిద్ధంగా ఉంటుంది, మారినట్టే తెలియదు. క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి ట్రాఫిక్‌లో వేడి తట్టుకుంటాయి. నాన్నగారి ప్రశ్నకి జవాబు అదే, గేర్‌బాక్సే వేరు.

ఎత్తులో ఏం జరుగుతుందో చెబుతాను. సిగ్నల్ దగ్గర ఆగారు, వెనక బైక్ మీ బంపర్‌కి జానెడు దూరంలో ఉంది. బ్రేక్ మీంచి కాలు తీసి యాక్సిలరేటర్ తొక్కుతారు. ఏఎంటీలో క్లచ్ పట్టుకునేలోపు అర సెకను ఖాళీ వస్తుంది, ఆ అర సెకనులో కారు వెనక్కి జారినట్టనిపించి గుండె జారుతుంది. చేయి తిరిగినవాళ్లు హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ లాగడం మొదలయ్యాక వదులుతారు. కొత్తవాళ్లు ఎత్తులో యాక్సిలరేటర్ మీదే కారుని నిలబెట్టాలని చూస్తారు, క్లచ్ కాలిపోయేది అందుకే.

బడ్జెట్ ఉంటే డీసీఏ. లేకపోతే ఏఎంటీ తీసుకుని, టెస్ట్ డ్రైవ్ షోరూమ్ ముందు చదును రోడ్డు మీద కాకుండా మీ ఇంటి ఎత్తు మీదే చేయండి. సేల్స్ వాళ్లు గొణుగుతారు, అయినా వస్తారు. ఒక మాట, విడుదలప్పుడు ఈ రెండు ఆటోమేటిక్‌లూ పెట్రోల్‌తోనే ఇచ్చారు. డీజిల్, సీఎన్‌జీలకు అప్పట్లో క్లచ్ తొక్కాల్సిందే.

ప్రశ్న: 7.03 లక్షల కారుకి షోరూమ్ వాళ్లు ఆన్‌రోడ్ 8.75 అంటున్నారు. ఎక్కడ పోతోంది ఇదంతా? – కూకట్‌పల్లి

నాకూ ఈ మధ్యే అనుభవమైంది. మా బావమరిదికి తోడుగా ఒక షోరూమ్‌కి వెళ్తే, ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ప్రింట్ తీసిన కొటేషన్ చేతిలో పెట్టారు. పైన ఎక్స్‌షోరూమ్, కింద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్. ఆ కింద 'ఎసెన్షియల్ కిట్' అని 18 వేలు. ఏమిటయ్యా అంటే ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీట్ కవర్లు, ఒక సువాసన డబ్బా. ఇంకా కింద 'హ్యాండ్లింగ్' అని ఒక వరుస. దేన్ని హ్యాండిల్ చేశారని అడిగాను. కుర్రాడు నవ్వి మేనేజర్ వైపు చూశాడు. పది నిమిషాల తర్వాత వచ్చిన రెండో ప్రింట్‌లో ఆ వరుస లేదు.

మీ కొటేషన్ ఇలా చూడండి. లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 98 వేల పైచిలుకు, తప్పదు. మీ పేరు మీద ఇప్పటికే ఓ కారుంటే ఇంకో 2 శాతం. మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, 1,000 నుంచి 1,500 సీసీ కారుకి బేస్ ప్రీమియం 10,640 రూపాయలు, పైన జీఎస్టీ. మన కారుకి జరిగే నష్టం కోసం తీసుకునే ఓన్ డ్యామేజ్ పాలసీ మాత్రం షోరూమ్‌లోనే తీసుకోవాలని రూలేమీ లేదు. ఫోన్‌లో రెండు కంపెనీల రేట్లు తీసి చూపించండి, వాళ్ల రేటు అక్కడికక్కడే దిగుతుంది. కిట్, కోటింగ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ మీ ఇష్టం. ఎక్స్‌షోరూమ్ 10 లక్షలు దాటే వేరియంట్ వైపు మనసు లాగితే ఆగండి. అక్కడ లైఫ్ ట్యాక్స్ శాతం పెరుగుతుంది, పైగా అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను, టీసీఎస్, 1 శాతం కూడా పట్టుకుంటారు. టీసీఎస్ ఐటీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, లైఫ్ ట్యాక్స్ పోయినట్టే.

ప్రశ్న: ఇవన్నీ కాదు, ఎలక్ట్రిక్ తీసుకోమని మా అబ్బాయి. మతి ఉందా అంటున్నా. – దిల్‌సుఖ్‌నగర్

మతి ఉన్నట్టే ఉంది. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, 2026 డిసెంబర్ 31 దాకా. టాటాదే టియాగో ఈవీ మొదటి వేరియంట్ 2025లో 7.99 లక్షలు. ఆల్ట్రోజ్ ప్యూర్ పెట్రోల్ లైఫ్ ట్యాక్స్‌తో కలిపి 8.01 లక్షలు. ఇన్సూరెన్స్ పక్కన పెడితే రెండూ ఒకటే ధర! కరెంటు యూనిట్ 9 రూపాయలు, యూనిట్‌కు 6 కిలోమీటర్లు వేసుకున్నా కిలోమీటరుకి రూపాయిన్నర. కానీ టియాగో చిన్న కారు, ఆ వేరియంట్‌లో బ్యాటరీ 19.2 యూనిట్లే, ఊళ్లకు పనికిరాదు. మీది అపార్ట్‌మెంట్ అయితే ముందు సెల్లార్‌లో మీ పార్కింగ్ దాకా మీ మీటర్ నుంచి వైరు లాగనిస్తారో లేదో అసోసియేషన్‌ని అడగండి. కారు బుక్ చేశాక అడిగితే మీటింగుల మీద మీటింగులు పెడతారు.

ప్రశ్న: 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌తో కొత్త కారు పాడవుతుందా?

కొత్త కారుకి భయం లేదు, ఇప్పుడొచ్చే ఇంజిన్లు దానికి తగ్గట్టే చేస్తున్నారు. మైలేజీ మాత్రం కొంచెం తగ్గుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ మరి.

ప్రశ్న: కారులో ఆండ్రాయిడ్ ఆటో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఆగిపోతోంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించాలా?

ముందు ఫోన్‌ని కారుకి కలిపే కేబుల్ మార్చండి. కోఠిలో వంద రూపాయలకి కొన్నది చార్జింగ్‌కి సరిపోతుందేమో, డేటాకి సరిపోదు. ఫోన్ చార్జింగ్ పోర్టులో జేబు దూది కూడా ఇరుక్కుని ఉంటుంది, అగ్గిపుల్లతో మెల్లగా తీసి చూడండి.