గది కొలత అడగకుండా అడ్వాన్సు పంపకు తమ్ముడూ

"అన్నా, లండన్లో నెలకు 400 పౌండ్లకు రూము ఉందంట. ఓనరు మనోడే. అడ్వాన్సు పంపేయమంటున్నాడు, పంపనా?" అని చిత్తూరు కట్టమంచి నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

పంపొద్దు. 2019లో నేను పంపే చెడ్డాను.

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడమీద గదులు కాలేజీ పిల్లలకు అద్దెకిచ్చేవాళ్లం. టేపు పట్టుకుని ఏ ఆఫీసరూ మా మెట్లెక్కింది లేదు. అద్దె ఇంటికి లైసెన్సు ఉంటుందని నాకేం తెలుసు? లండన్ ఈస్ట్‌హామ్‌లో నేను దిగిన ఇంట్లో ఏడుగురం. నా గదిలో రెండు మంచాలు వేశాక తలుపు సగమే తెరుచుకునేది. తిరగమాతలో ఎండుమిరపకాయలు వేసినప్పుడల్లా పొగ అలారం మోగుతోందని దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసిన తెలివైనోణ్ణి కూడా నేనే. అందరం నిద్రపోయేది దాని కిందే.

కౌన్సిల్ వాళ్లు, అంటే అక్కడి మున్సిపాలిటీ వాళ్లు, తనిఖీకి వస్తే "అందరం కజిన్స్ అని చెప్పండి" అన్నాడు ఓనరు. ఏడుగురికి ఏడు ఇంటిపేర్లు, అయినా చెప్పాం. నిజం చెబితే వీసాకు ఇబ్బందని ఎవడో భయపెట్టాడు మరి. ఒకే కుటుంబమైతే ఆ లైసెన్సు అక్కర్లేదని, ఆ అబద్ధం ఓనరు కోసమేనని తర్వాత తెలిసింది.

ఇంగ్లండ్‌లో ఒకే కుటుంబం కాని ఐదుగురు, అంతకు మించి కలిసుండే ఇంటికి లైసెన్సు తప్పనిసరి. అక్కడ పడకగది ఒకరికి కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికి 10.22 ఉండాలి. మన లెక్కలో 70, 110 చదరపు అడుగులు. గ్యాస్ తనిఖీ ఏటా చేయించాలి. మిగతావి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకో, చదువుకున్నోడివే కదా.

నా బాధ డబ్బు గురించి. లైసెన్సు లేని ఇంటికి కట్టిన అద్దెను ట్రిబ్యునల్‌కు వెళ్లి వెనక్కి అడగొచ్చు. అప్పట్లో 12 నెలల అద్దె దాకా వచ్చే వీలుండేది. మా ఇంటికి లైసెన్సు లేదు. ఆ సంగతి నా చెవిన పడేసరికి దరఖాస్తు గడువు దాటిపోయింది. ఎనిమిది నెలలు, 350 చొప్పున 2,800 పౌండ్లు. అప్పటి రేటుకు రెండున్నర లక్షలు! అమ్మ గాజులు కుదువపెట్టి పంపిన డబ్బు అది. ఇప్పుడు అక్కడ సొంతిల్లు కొన్నా, అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

నువ్వు ఓనర్ని రెండే అడుగు: లైసెన్సు నంబరు, గది కొలత. నంబరిస్తే కౌన్సిల్ రిజిస్టరుతో సరిచూసుకో. "మనోళ్ల మధ్య ఇవన్నీ ఎందుకు తమ్ముడూ" అన్నాడనుకో, ఇంకో రూము వెతుక్కో.