ఐదారుగురున్న స్టార్టప్‌కు, బృందం పనులను నమోదు చేసి చూసుకునే జిరా సాఫ్ట్‌వేర్ అవసరమా?

అవసరం లేదు, పనులను కార్డులుగా చూపే ట్రెల్లో వంటి సాదా బోర్డు, లేదా కోడ్ ఇప్పటికే గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకునే సైట్) ఉంటే అక్కడి ఇష్యూలే, అంటే సమస్యలను, పనులను రాసుకునే నమోదులే, సరిపోతాయి. ఇలాంటి సాధనం అందులోని సమాచారం తాజాగా ఉన్నంతకాలమే పనికొస్తుంది. ఒక్క పని నమోదుకు పది గడులు నింపాల్సి వస్తే రెండో వారానికే అందరూ మానేస్తారు, పనులన్నీ మళ్లీ వాట్సాప్‌లోకి జారుకుంటాయి. 2002లో బగ్‌ల (సాఫ్ట్‌వేర్ లోపాల) నమోదుకని వచ్చిన జిరా, ఏ దశను ఎవరు ఆమోదించాలి, ఎవరికి ఏది కనిపించాలి వంటి నియమాలున్న పెద్ద బృందాలకు చక్కగా నప్పుతుంది. ఒకే బల్ల చుట్టూ కూర్చునేవారికి అవి కాళ్లకు అడ్డం.

లాగిన్ పేజీలో ఓటీపీ రావడం లేదనుకోండి. గిట్‌హబ్‌లో అది 42వ ఇష్యూ అయితే, సరిచేసిన కోడ్ పంపేటప్పుడు వివరణలో ‘ఫిక్సెస్ #42’ అని రాస్తే చాలు. ఆ కోడ్ ప్రధాన శాఖలో, అంటే ప్రాజెక్టు అసలు కోడ్‌లో, కలవగానే ఇష్యూ దానంతటదే మూసుకుంటుంది.

పదిమంది వరకు జిరా ఉచితమే కదా, ముందే పెట్టుకుంటే మేలు అని చాలామంది పొరబడతారు. దాన్ని అమర్చి, నిర్వహించడానికి పట్టే గంటలే అసలు ఖర్చు. తర్వాత మారడం కష్టమన్న భయమూ అక్కర్లేదు: 2017లో ట్రెల్లోను కొన్నది జిరా తయారీదారు అట్లాసియనే, ట్రెల్లో కార్డులను జిరాలోకి తెచ్చుకునే సౌకర్యమూ ఉంది.