గుజ్జనగూళ్ళు, లక్కపిడతలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

చిన్ననాడు ఆడుకున్న బొమ్మల్లో ఇప్పటికీ మనసులో మెదిలేదేదో, దాని గురించి తెలుసుకోవాలనుకుంటున్నదేమిటో రాయమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లక్కపిడతల గురించే ఉన్నాయి. ఆడపిల్లలే రాసి ఉంటారనుకుంటే పొరపాటు. అక్కగారి లక్కరోకలిని ఎత్తుకుపోయి బిళ్ళంగోడులో బిళ్ళగా వాడుకున్నామని ఇద్దరు పెద్దమనుషులు ఇన్నేళ్ళకు ఒప్పుకున్నారు. స్థలాభావం వల్ల ఐదు ప్రశ్నలకు మాత్రమే ఇక్కడ సమాధానం ఇవ్వగలుగుతున్నాము.

ప్రశ్న: 1960ల్లో మా నాన్నగారు తిరునాళ్ళలో కొనిచ్చిన లక్కపిడతల నున్నదనం నా వేళ్ళకు ఇప్పటికీ గుర్తుంది. ఆ మెరుపు రంగు పూసి తెచ్చినదేనా? ఇటీవల మనుమరాలి కోసం కొన్నవి అలా లేవు. కారణమేమిటి?
ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ వేళ్ళకు గుర్తున్నది సరైనదే. అది కుంచెతో పూసిన రంగు కాదు. లక్కపిడతలకు పేరుపడిన ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న గ్రామం. అక్కడి వారు అంకుడు కర్రను వాడతారు. తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉండే ఆ కర్రను బాగా ఆరబెట్టి, ముక్కలుగా కోసి, లేత్‌కు బిగించి తిప్పుతూ ఉలితో రూపం తెస్తారు. పాత తెలుగులో తరిమెన అన్నది ఈ యంత్రాన్నే. ఇప్పుడు కరెంటుతో తిరిగే దానిని ఒకప్పుడు తాడు లాగుతూ చేత్తోనే తిప్పేవారు.

రూపం వచ్చాక బొమ్మను యంత్రం మీద నుంచి తీయరు. రంగు కలిపి కడ్డీగా చేసిన లక్కను తిరుగుతున్న కర్రకు ఒత్తిపెడతారు. ఆ ఒరిపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి, పలుచని పొరగా కర్రకు పట్టుకుంటుంది. ఆ తరువాత మొగలి ఆకును మడిచి, అలాగే తిరుగుతుండగా అదిమి పట్టి రుద్దుతారు. మీరు చెబుతున్న నున్నదనం ఆ ఆకు పని. రంగు, మెరుపు ఒకే పొరలో ఉండటం వల్లనే ఏళ్ళ తరబడి ఆడినా ఆ పిడతలు పాతబడినట్టు కనిపించలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. వంటింటి సామానంతటిలో ఈ పనికి బాగా లొంగినవేవో గమనించండి: బిందె, రోలు, రోకలి, తిరగలి, పిడత, మూత. అన్నీ గుండ్రనివే. తిరిగే కర్ర మీద గుండ్రనిదే సులువుగా వస్తుంది, గుండ్రంగా లేనిదేదైనా విడిగా చెక్కి అతికించవలసిందే. తెలుగువారి వంటిల్లూ, ఏటికొప్పాక యంత్రమూ ఒకదానికొకటి ఇంత చక్కగా అమరడం వల్లనే వీధి అరుగు మీద పది వస్తువుల సంసారం వెలసింది. ఆ పిడతల్లో అటుకులూ బెల్లమూ వండినట్టు నటించి వడ్డించుకునే ఆటకు గుజ్జనగూళ్ళు అని పేరు. రుక్మిణి బాల్యాన్ని వర్ణించేటప్పుడు పోతన కూడా ఈ ఆటను తలచుకున్నాడు.

ఇప్పటివి అలా లేకపోవడానికి ఒక కారణం రంగులు. కొన్ని దశాబ్దాల పాటు రసాయన రంగులు చవకగా దొరకడంతో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో రంగులు తీసే పద్ధతి వెనకబడింది. దానిని మళ్ళీ పనిలోకి తేవడానికి ఏటికొప్పాకకే చెందిన చింతలపాటి వెంకటపతి రాజు ఎన్నో ఏళ్ళు శ్రమించారు. 2023లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. మీ మనుమరాలికి కొన్నవి వీటి పోలికలో చేసి పెయింటు వేసినవి కావచ్చు. గుర్తుపట్టడం కష్టం కాదు. పెయింటు వేసినదానిపై కుంచె జాడలు, గాళ్ళలో పేరుకున్న రంగు కనిపిస్తాయి. లక్క పట్టించినదానిపై రంగులు తిరుగుడులో పడ్డవి కాబట్టి అంచు తేడా లేని వలయాలుగా ఉంటాయి.

ప్రశ్న: మా అమ్మమ్మ కాలం నాటి కొండపల్లి అంబారీ ఏనుగు మా ఇంట్లో ఉంది. ఒక చెవి ఊడింది, రంగు వెలిసింది. సబ్బునీళ్ళతో కడిగి, కొత్తగా ఎనామిల్ రంగు వేయించాలని మా అబ్బాయి అంటున్నాడు. వేయించవచ్చునా?
ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: అయ్యా, ముందు ఆ సబ్బునీళ్ళను పక్కన పెట్టించండి. కొండపల్లి బొమ్మ లక్కపిడత వంటిది కాదు. తెల్ల పొణికి అనే, చేతిలో పట్టుకుంటే బరువే తెలియని కర్రతో, ఒక్కొక్క అవయవాన్ని విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సుద్ద పూసి, దాని మీద రంగులు వేస్తారు. నీళ్ళు తగిలితే కింద ఉన్న ఈ మక్కూ సుద్దా నానిపోతాయి. ఊడింది ఒక చెవే అని మీరు రాశారు, కడిగిన తరువాత తొండం గురించి మరో ఉత్తరం రాయవలసి వస్తుంది. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపడం వరకే మీ పని.

చెవి పోకుండా దాచి ఉంచితే, కొండపల్లి బొమ్మల కాలనీలో దానిని అదే మక్కుతో అతికించగలవారు ఉన్నారు. విజయవాడ పక్కనే కాబట్టి మీకు దూరమూ కాదు. ఇక కొత్త రంగు విషయంలో నా అభిప్రాయం మీ అబ్బాయి అభిప్రాయానికి వ్యతిరేకం. వీపు మీద రంగు వెలిసినచోట ఎవరి చేయి ఎక్కువగా ఆనిందో మీకు తెలిసే ఉంటుంది. ఎనామిల్ పూస్తే అది బజారులో నిన్న కొన్న ఏనుగుతో సమానమవుతుంది. కొత్త ఏనుగే కావాలంటే మరొకటి కొనండి, చేసినవారికి నాలుగు డబ్బులు వస్తాయి.

ప్రశ్న: ముంజకాయల బండి ఎలా చేయాలో మా మనుమడికి చూపించాలని ఉంది. వాడు డాలస్ నుంచి జూన్ చివరలో వస్తున్నాడు. కొలతలేమైనా ఉన్నాయా?
ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కొలతలు లేవు గానీ ముహూర్తం ఉంది, మీరు దానిని దాటవేస్తున్నారు. జూన్ చివరకు కాయ ముదిరిపోతుంది. ముంజ గట్టిపడితే వేలితో తీయలేరు, ముంజలు తినకుండా ఊరికే బండి కోసం కాయ కోయడం ఆ ఆటకు అన్యాయం. వచ్చే ఏడాది బడి సెలవులు కుదిరితే మే నెలలోనే రమ్మనండి.

చేసే విధానం మీకు గుర్తున్నదే, మనుమడి కోసం మళ్ళీ రాస్తున్నాను. ముంజలు తిన్నాక మిగిలిన బుర్రల్లో ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్న రెండింటిని ఏరుకోవాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే బండి తిన్నగా పోక చిన్నదాని వైపు తిరుగుతుంది. జానెడు పైన పొడవున్న గట్టి పుల్ల రెండు కొసలూ చెక్కి, చెరో బుర్ర నడిమధ్యకు గుచ్చాలి. అదే ఇరుసు. పంగ ఉన్న పొడవాటి కర్రను తీసుకుని, ఆ పంగను ఇరుసు మీద ఆనించి నెట్టుకుంటూ పోవాలి. తోలేవాడి ఎత్తుకు తగిన కర్ర దొరకడమే అసలు కష్టం. బండి ఆయుష్షు రెండు మూడు రోజులు. ఆ తరువాత బుర్రలు ఎండి, ముడుచుకుని, ఇరుసు వదులవుతుంది. అప్పుడు దానిని బాగుచేయడం మాకెవరికీ తోచేది కాదు. మళ్ళీ ముంజలు తినేవాళ్ళం.

ప్రశ్న: జాతరలో అమ్మే రేకు పడవలో చిన్న దీపం పెడితే టుపుటుపుమంటూ నీళ్ళ మీద తిరిగేది. అందులో యంత్రమేదీ కనిపించదు. అది ఎలా నడిచేది? అరవై ఏళ్ళుగా ఇది నాకు తీరని సందేహం.
ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీకే కాదు, నాకూ చాలాకాలం తీరలేదు. దాని గుట్టు తెలుసుకుందామని మా ఇంటి గంగాళంలో తిరుగుతున్న పడవను పైకెత్తి, వేలు కాల్చుకున్నాను.

పడవ కడుపులో పలుచని రేకుతో చేసిన చిన్న బిళ్ళ వంటి తొట్టి ఉంటుంది. దాని నుంచి రెండు సన్నని గొట్టాలు వెనుకకు, నీటి మట్టానికి కిందుగా తెరుచుకుంటాయి. ముందుగా ఆ గొట్టాల్లో నుంచి తొట్టిలోకి నీళ్ళు ఎక్కించి, కింద వత్తి వెలిగిస్తారు. తొట్టిలో నీరు ఆవిరై గొట్టాల్లోని నీటిని బయటకు తోస్తుంది. ఆ ఆవిరి చల్లని గొట్టం వైపు వ్యాపించగానే తిరిగి నీరుగా మారుతుంది. లోపల ఒత్తిడి తగ్గి, బయటి నీరు మళ్ళీ లోనికి వస్తుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇలా జరుగుతుంటే, తొట్టి పైరేకు ఉబ్బుతూ అణుగుతూ చేసే చప్పుడే మీరు విన్న టుపుటుపు.

బయటకు ఎంత నీరు పోతుందో అంతే లోనికి వస్తున్నప్పుడు పడవ ఉన్నచోటనే ఎందుకు ఉండిపోదని మీరు అడగవచ్చు. బయటకు పోయే నీరు ధారగా ఒకే దిక్కుకు, అంటే వెనుకకు చిమ్ముతుంది. లోనికి వచ్చే నీరు గొట్టం మూతి చుట్టూ అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి పడవను అంతగా వెనుకకు లాగదు. ఆ తేడాయే పడవకు నడక. ఇటువంటి పడవకు థామస్ పియో అనే ఫ్రెంచి వ్యక్తి 1891లోనే ఇంగ్లండులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అది మన జాతరల్లోకి వచ్చేసరికి పేటెంటు సంగతి ఎవరికీ పట్టలేదు.

ప్రశ్న: రెండేళ్ళ మనుమరాలికి ఏటికొప్పాక లక్కపిడతలు తెప్పించాను. వాటి మీద ఐఎస్ఐ గుర్తు లేదని మా కోడలు వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. బొమ్మలున్నది ఆడుకోవడానికా, చూసుకోవడానికా? మీరే చెప్పండి.
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, అత్తాకోడళ్ళ మధ్య తీర్పు చెప్పే ధైర్యం ఈ శీర్షికకు లేదు. అయినా ఈసారికి సగం మీ వైపు, సగం మీ కోడలి వైపు ఉంటాను.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయిన మాట నిజం. అయితే ప్రభుత్వం వద్ద నమోదైన హస్తకళాకారులు చేసినవాటికీ, భౌగోళిక గుర్తింపు కింద నమోదైన వస్తువులకూ ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి గుర్తు లేనంత మాత్రాన మీ పిడతలు చెడ్డవి కావు. మినహాయింపు ఉన్నంత మాత్రాన ప్రతి పిడతా మంచిదేనని కూడా కాదు. సహజ రంగులతో చేసినవేనా అని అమ్మినవారిని అడిగి తెలుసుకోండి. పెయింటు వేసినవైతే మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకోక మానరు, పెయింటులో సీసం ఉంటే అది నేరుగా కడుపులోకి పోతుంది.

రంగు మంచిదే అయినా, రెండేళ్ళ పిల్ల చేతికి వేలెడంత రోకలినీ, గచ్చకాయంత మూతనూ ఇవ్వకూడదు. గొంతుకు అడ్డం పడతాయి. ఈ ఒక్క విషయంలో మీ కోడలి తాళం న్యాయమైనదే. పాప పిడికిలిలో ఇమడని బిందెనూ రోలునూ ఇప్పుడే బయటకు తీయించి, మిగిలినవి మూడేళ్ళు నిండాక ఒక్కొక్కటిగా ఇవ్వండి. శుభ్రం చేయడానికి చేతులకు రాసుకునే శానిటైజరు వాడవద్దని మీ కోడలికి చెప్పండి. లక్క సారాయంలో కరుగుతుంది కనుక ఒక్కసారి తుడిస్తే మెరుపంతా గుడ్డకు అంటుకుంటుంది. ఎండలోనూ పొయ్యి దగ్గరా పెట్టకుండా, ఆడినప్పుడల్లా కొంచెం తడిగుడ్డతోనూ, వెంటనే పొడిగుడ్డతోనూ తుడిస్తే చాలు. బెల్లం జిగురు మూలల్లో ఉండిపోతే చీమలు పడతాయి, అది ఒక్కటి చూసుకోండి.