పాత తెరచాప పడవలో కరెంటు స్విచ్‌లు, ఫ్యూజులు ఉండే ప్యానెల్ మార్చేటప్పుడు ఇంటి వైరు వాడొచ్చా?

చెన్నై హార్బర్‌లో పాత పడవ కొన్నారు, లైట్లు మసకగా వెలుగుతున్నాయి, ఇంటికి వాడే వైరుతోనే ప్యానెల్ మొత్తం మార్చేయొచ్చా అని కదా మీ ప్రశ్న. వద్దండి.

ఉప్పుగాలి ఊరుకోదు. మా పడవలో ఒక వైరు తొక్క ఒలిచి చూస్తే లోపల రాగి నల్లబడిపోయి, వేళ్ల మధ్య నలిపితే పొడిలా రాలింది. బయట ప్లాస్టిక్ మాత్రం కొత్తదానిలా ఉంది! అందుకే తగరం పూత ఉన్న, సన్నటి పోగుల మెరైన్ వైరే కొనండి. ఖరీదే, కానీ తప్పదు.

మందం కూడా చూడాలి. తెరచాప కొయ్య మీది లైటుకు 2 ఆంప్స్, పోనూ రానూ 20 మీటర్లు అనుకోండి. 1.5 ఎస్‌క్యూ ఎంఎం వైరులో దాదాపు అర వోల్టు పోతుంది. ఇంట్లో 230 వోల్టుల్లో అది లెక్కే కాదు, పడవ బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్లో నాలుగు శాతం. నావిగేషన్ లైట్లకు (రాత్రిపూట మన పడవ ఇతరులకు కనిపించేలా వెలిగేవి) మూడు శాతం దాటకూడదంటారు, కాబట్టి 2.5 వేయండి.

12 వోల్టులు షాక్ కొట్టవు కదా అని ధీమా వద్దు. షార్టయితే బ్యాటరీ వందల ఆంప్స్ వదులుతుంది, వైరు అంటుకుంటుంది. ప్యానెల్‌లో ఎన్ని ఫ్యూజులున్నా, బ్యాటరీ నుంచి ప్యానెల్ దాకా వచ్చే లావు కేబుల్‌కు అవి కాపలా కాయవు. దాని ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

అడుగున చేరిన నీళ్లు తోడే పంపుకు మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా విడి ఫ్యూజుతో లైన్ ఇవ్వండి. మీరు తాళం వేసి ఇంటికెళ్లాకే దాని పని.

పాతవి పీకే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి, ప్రతి వైరుకూ రెండు కొసలా లేబుల్ అంటించండి.