మీ ప్రశ్నలకు జవాబులు: ఆన్‌లైన్ పాఠం చేతిదాకా చేరాలంటే

ప్రశ్న: పాఠాలను సెల్‌ఫోన్‌తో వీడియో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. ఒక్కోటి 50 నిమిషాలుంటుంది. ఉదయగిరి, కలిగిరి వైపు నుంచి వచ్చే పిల్లలు అసలు తెరవడం లేదు. తెరిచినవాళ్లు బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయాయంటున్నారు. మంచి కెమెరా కొనాలా? (డిగ్రీ అధ్యాపకురాలు, కావలి)

జవాబు: కెమెరా కొనకండి మేడమ్. వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని బాగా కుదించేస్తుంది. అక్షరాలు అలుక్కుపోయేది అక్కడే. అదే ఫైలును ‘డాక్యుమెంట్’గా జతచేస్తే ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. అయితే ఫోన్ తీసిన ఫైలు చాలా పెద్దది. దాన్ని ముందు మీరే సరైన పద్ధతిలో చిన్నది చేయాలి.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎత్తు 480, సెకనుకు 15 ఫ్రేములు, వీడియో సగటు బిట్‌రేటు 450 కేబీపీఎస్, ఆడియో మోనో 64 కేబీపీఎస్ అని పెట్టండి. బోర్డు పాఠంలో కదలిక తక్కువ కాబట్టి 15 ఫ్రేములు చాలు. ఇట్లా చేస్తే నిమిషానికి దాదాపు 4 ఎంబీ అవుతుంది. పది నిమిషాల పాఠం 40 ఎంబీ లోపే. 50 నిమిషాలను గడియారం చూసి కాకుండా భావాన్ని బట్టి ముక్కలు చేయండి: నిర్వచనం ఒకటి, లెక్క ఒకటి, పిల్లలు తప్పు చేసే చోటు ఒకటి.

బోర్డంతా ఫ్రేములోకి రావాలని దూరం జరగొద్దు. అంతకన్నా మంచి పద్ధతి, ఫోన్‌ను స్టాండుకు బిగించి కిందికి చూసేలా పెట్టి, అడ్డంగా పరిచిన ఏ4 కాగితం మీద స్కెచ్‌పెన్‌తో రాయడం. పేజీకి ఆరు వరసలు దాటనివ్వకండి. ఖర్చు పెట్టాలనుకుంటే కాలర్ మైకు మీద పెట్టండి. పదడుగుల దూరంలో ఉన్న ఫోన్‌కు మీ గొంతుకన్నా ఫ్యాన్ చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది.

ఇక డేటా సంగతి. పాఠం కోసం పిల్లల డేటా ఖర్చవకూడదని మా గట్టి అభిప్రాయం. లైబ్రరీలో మూలనున్న పాత కంప్యూటర్‌లో కోలిబ్రి అనే, ఇంటర్నెట్ లేకుండా పాఠాలు అందించే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, ఒక వైఫై రౌటర్‌కు కలపండి. మీ వీడియోలను కోలిబ్రి స్టూడియో అనే దాని వెబ్‌సైట్‌లో ఛానల్‌గా చేసి ఆ కంప్యూటర్‌లోకి ఒకసారి దించుకుంటే, ఆ తర్వాత ఇంటర్నెట్ అక్కర్లేదు. డౌన్‌లోడ్ బటన్ కనిపించేలా సెట్టింగుల్లో అనుమతించండి. 40 మంది ఒకేసారి 40 ఎంబీ ఫైలు దించుకున్నా మొత్తం 1.6 జీబీ. రౌటర్ నిజంగా 40 ఎంబీపీఎస్ ఇస్తే ఐదారు నిమిషాల పని. సాయంత్రం బస్సు ఎక్కేలోపు పాఠం ఫోన్‌లో ఉంటుంది.

ఇక్కడ తరచుగా మూడు చోట్ల దెబ్బతింటారు. ‘ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు’ అని ఫోన్ దానంతటదే మొబైల్ డేటాకు మారిపోతుంది, పేజీ తెరుచుకోదు. ఆ కాసేపు మొబైల్ డేటా ఆపేయమనండి. రౌటర్‌లో గెస్ట్ వైఫై వాడితే ఫోన్లకు కంప్యూటర్ కనపడదు. విండోస్‌లో నెట్‌వర్క్‌ను ‘ప్రైవేట్’గా మార్చకపోతే ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది. కంప్యూటర్‌కు ఒకే ఐపీ చిరునామా వచ్చేలా రౌటర్‌లో కట్టేసి, కోలిబ్రి చూపించే పూర్తి చిరునామాను, పిల్లలు ఫోన్ బ్రౌజర్లో కొట్టుకునేలా, లైబ్రరీ గోడ మీద రాసి పెట్టండి.

ప్రశ్న: మూడ్ల్‌లో (పాఠాలు, క్విజ్‌లు నడిపే ఆన్‌లైన్ తరగతి సాఫ్ట్‌వేర్) 600 మంది విద్యార్థులను ఒకేసారి ఎక్కించాం. పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి, సగం మందికి లాగిన్ కావడం లేదు. పాత నోట్సు అతికిస్తే పిచ్చి అక్షరాలొస్తున్నాయి. క్విజ్‌లో సరైన జవాబుకూ సున్నా పడుతోంది. (కంప్యూటర్స్ లెక్చరర్, ఒంగోలు)

జవాబు: నాలుగింటికీ నాలుగు వేర్వేరు కారణాలండీ. మూడ్ల్ తప్పు ఒక్కటీ లేదు.

పేర్ల కోసం ఎక్సెల్‌లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్న ఫైలు రకాన్నే ఎంచుకుని సేవ్ చేయండి. మామూలు సీఎస్‌వీ తెలుగును దాచుకోలేదు.

లాగిన్ కాకపోవడానికి చాలావరకు యూజర్‌నేమ్‌గా ఇచ్చిన హాల్‌టికెట్ నంబరే కారణం. 12 అంకెల నంబరును ఎక్సెల్ 2.21ఈ+11 లాగా మార్చేస్తుంది, సీఎస్‌వీలోకీ అదే వెళ్తుంది. ముందున్న సున్నా కూడా ఎగిరిపోతుంది. నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’గా మార్చాలి. సేవ్ చేశాక ఫైలును మళ్లీ ఎక్సెల్‌లో తెరవకండి, నోట్‌ప్యాడ్‌లో చూడండి. 600 మందికి ముందు ఐదుగురితో ఎక్కించి చూస్తే ఒక పూట పని మిగులుతుంది.

మీ పాత నోట్సు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్‌లో కొట్టింది అయ్యుంటుంది. అందులో ఉన్నవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైన తెలుగు తొడుగు అంతే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లో వేసి, ఒత్తులూ అంకెలూ కళ్లతో సరిచూసుకోండి.

నాలుగోది సూక్ష్మమైనది. ‘సాఫ్ట్‌వేర్’ అని ఒకరు కొడితే ట-ఒత్తుకూ ‘వే’కూ మధ్య కంటికి కనపడని విడదీసే గుర్తు పడుతుంది. ఇంకొకరి కీబోర్డులో పడదు. చదివేవాళ్లకు రెండూ ఒకటే మాట, మూడ్ల్‌కు మాత్రం వేరు. షార్ట్ ఆన్సర్ జవాబులో ఆ చోట నక్షత్రం గుర్తు పెట్టి ‘సాఫ్ట్*వేర్’ అని ఇవ్వండి, రెండూ ఒప్పవుతాయి. సాధ్యమైన చోట బహుళైచ్ఛిక ప్రశ్నే మేలు. తెలుగు టైపింగ్ రానందుకు పిల్లవాడి మార్కు పోకూడదు.

ఒకటి ముందే చెబుతాం. పెద్ద ఫైలు ఎక్కకపోతే సర్వర్‌లో పీహెచ్‌పీ (మూడ్ల్‌ను నడిపే ప్రోగ్రామింగ్ భాష) అప్‌లోడ్ హద్దు చూడండి. మార్చకపోతే అది 2 ఎంబీయే, దాన్ని పెంచేటప్పుడు పోస్ట్ హద్దు (ఒకేసారి పంపే మొత్తం సమాచారానికి హద్దు) కూడా పెంచాలి.

ప్రశ్న: స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సులకు క్రెడిట్లు ఇవ్వొచ్చా? (ప్రిన్సిపాల్, నెల్లూరు)

జవాబు: ఇవ్వొచ్చు సార్. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో ఉండే కోర్సుల్లో 40 శాతం వరకు. ఏ పేపరుకు ఏ కోర్సు అన్నది సెమిస్టర్ మొదలవకముందే మీ విశ్వవిద్యాలయ నిబంధనలు చూసి రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. పిల్లలు కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు కావడం వేరు. ఆ రెండో తేదీని మర్చిపోయినవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. ఒక అధ్యాపకుడికి ఆ బాధ్యత అప్పగించండి.

ప్రశ్న: రాత్రి పూట వయోజనులకు చదువు చెబుతున్నాను. పన్నెండు మంది ఆడవాళ్లు, అందరికీ కలిపి మూడు స్మార్ట్‌ఫోన్లు. పొగాకు గ్రేడింగ్ పనుల రోజుల్లో సగం మంది రారు. యాప్‌లతో నడపగలనా? (వాలంటీరు, దర్శి దగ్గర)

జవాబు: యాప్‌తో మొదలుపెట్టకండమ్మా, మీ గొంతుతో మొదలుపెట్టండి. మూడు నిమిషాలు దాటని ఆడియో పాఠం రికార్డు చేయండి. ఒక పాఠానికి రెండు అక్షరాలు, అవి వచ్చే ఐదు మాటలు చాలు. మాటలు వాళ్ల పనిలోవే తీసుకోండి: ఆకు, బేలు, కూలి, తూకం. ప్రతి మాట తర్వాత నాలుగు సెకన్లు ఆగండి, వాళ్లు పలకాలి కదా. మామూలు ఫోన్లో మెమరీ కార్డు వేసినా ఇది మోగుతుంది, గ్రేడింగ్ చేస్తూ కూడా వినొచ్చు. రానివాళ్లకు తప్పిన పాఠం మర్నాడు ఇట్లా అందుతుంది.

ఈ నేలకు ఇది కొత్త కాదు. కలిగిరి మండలం దూబగుంటలో 1992లో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ల నుంచే. వాళ్ల బతుకులో ఉన్న మాటలే ఆ బడిలో పాఠాలయ్యాయి.

మూడు స్మార్ట్‌ఫోన్లను నలుగురికొకటిగా పంచి, అంకెల పాఠానికి వాడండి. కరెంటు బిల్లు ఫొటో పెద్దది చేసి ఎన్ని యూనిట్లో చదివించండి. పిన్, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్నది అంకెలు వచ్చిన రోజే చెప్పేయండి. పలకా బలపం మాత్రం వదలొద్దు. వయోజన విద్యకు కేంద్రం నడిపే ఉల్లాస్ పథకం కింద 15 ఏళ్లు దాటినవాళ్లు రాసే అక్షరాస్యత పరీక్షకు 150 మార్కులు, చదవడానికి, రాయడానికి, లెక్కలకు 50 చొప్పున. అది కాగితం మీద రాసే పరీక్ష. ఫోన్ మీద వేలితో దిద్దిన చెయ్యి పెన్ను పట్టగానే వణుకుతుంది, అందుకని ప్రతి రాత్రీ చివరి పదిహేను నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టించి రాయించండి.